వేపచెట్టు కింద మిగిలిపోయిన పిల్లల కోసం

ఎనిమిదో తరగతికి ఆటల పీరియడు. గంట మోగీ మోగకముందే పిల్లలు గ్రౌండులోకి ఉరుకుతారు. స్టోరు గది తాళం తీస్తారు, ఒక వాలీబాలు బయటికొస్తుంది. తరగతిలో చురుకైన పన్నెండుమంది నెట్టుకు అటూ ఇటూ సర్దుకుంటారు. దూరంగా పడ్డ బంతిని పరుగెత్తి తెచ్చిచ్చే భాగ్యం ఇంకో అయిదారుగురికి దక్కుతుంది. మిగిలిన పాతికమంది వేపచెట్టు కిందికి చేరతారు. కాస్త లావుగా ఉన్నవాడు, నలుగురిలో పరుగెత్తాలంటే సిగ్గుపడే అమ్మాయి, బంతి వస్తుంటే కళ్లు మూసుకునే పిల్లవాడు, పోలియో చుక్కల కాలంలో పుట్టినా కాలు కొద్దిగా ఈడ్చి నడిచే పిల్ల, అందరూ అక్కడే ఉంటారు. నలభై నిమిషాలు గడుస్తాయి. వాళ్లలో ఒక్కరికీ చెమట పట్టదు. టైమ్‌టేబుల్ లెక్క ప్రకారం మాత్రం ఆ తరగతికి వ్యాయామ విద్య బోధన జరిగిపోయినట్టే. తెలుగు రాష్ట్రాల్లో ఆటల పీరియడు ఉన్న బడుల్లో చాలాచోట్ల కనిపించే దృశ్యం ఇది. అసలా పీరియడే లేని బడుల సంగతి తర్వాత. నా వాదన ఒక్కటే: వ్యాయామ విద్య పుట్టింది ప్రధానంగా ఆ పాతికమంది కోసం. వాళ్లకు అందనప్పుడు దాన్ని ఆటవిడుపు అనొచ్చు, విద్య అనడానికి వీల్లేదు.

తెలుగు మాస్టారు పద్యం చెప్పేటప్పుడు రేపు కవులయ్యే ఇద్దరిని ముందు వరసలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్లను చెట్టు కిందికి పంపరు. లెక్కల టీచరు భాగహారం రాని పిల్లవాణ్ని చూసి ‘వీడికి లెక్కలు రాసిపెట్టి లేవు’ అని వదిలేస్తే ఊరు ఊరుకోదు. శరీరం విషయానికొచ్చేసరికి మాత్రం మనందరికీ అది సహజమే అనిపిస్తుంది. వచ్చినవాడు ఆడతాడు, రానివాడు చూస్తాడు. ఈ పొరపాటుకు మూలం మాటల్లోనే ఉంది. ఆట, క్రీడ, వ్యాయామం, వ్యాయామ విద్య అనే నాలుగు మాటల్ని మనం ఒకే అర్థంలో వాడేస్తున్నాం. ఆట పిల్లల సొంతం, దానికి గురువు అక్కర్లేదు. క్రీడ పోటీ కోసం. వ్యాయామం ఒంటి కోసం. వ్యాయామ విద్య అనేది పాఠం: దానికి ఒక క్రమం ఉంటుంది, తప్పులు దిద్దడం ఉంటుంది, వెనకబడినవాళ్ల మీద ఎక్కువ శ్రద్ధ ఉంటుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ ‘డ్రిల్లు మాస్టారు’ అంటారు. ఆ మాట వెనక వలస కాలపు చరిత్ర ఉంది. పిల్లల్ని సిపాయిల్లా వరసల్లో నిలబెట్టి, ఒకే కేకకు ఒకేసారి చేతులెత్తించే పద్ధతి యూరప్ నుంచి మన బడులకు దిగుమతైంది. ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు కూడా మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరం బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారే. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాక, ఈ బోధనను ఒక శాస్త్రంగా చూడటం మన దక్షిణాదిలో మొదలైంది. అప్పటికీ ఇప్పటికీ నూరేళ్లు దాటాయి. డ్రిల్లు దాదాపు పోయింది. దాని స్థానంలోకి పాఠం రావాల్సింది, బంతి ఒక్కటే వచ్చింది.

పరుగు, గెంతు, విసురు, పట్టు పిల్లలకు వాటంతటవే వచ్చేస్తాయని అనుకుంటాం. ఒక టెన్నిస్ బంతి ఇచ్చి, బలంగా విసరమని పదేళ్ల పిల్లల్ని వరసగా అడిగి చూడండి. కొందరు ఎదురు కాలు ముందుకు వేసి, నడుము తిప్పి, భుజం మీదుగా చెయ్యి ఝాడించి విసురుతారు. బంతి గోడ దాటుతుంది. ఇంకొందరు కుడిచేతితో విసురుతూ కుడికాలే ముందుకు వేస్తారు. నడుము కదలదు, మోచెయ్యి ఒక్కటే కదులుతుంది, బంతి పది అడుగుల దూరంలో చతికిలబడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. అలా విసిరిన పిల్ల ఇంకెప్పుడూ నలుగురి ముందు బంతి పట్టుకోదు. ఇక్కడ లోపం ఒంట్లో లేదు. ‘ఎడమకాలు ముందుకెయ్యి, పక్కకు తిరిగి నిలబడు, ఇప్పుడు విసురు’ అని ఎవరూ చెప్పకపోవడమే లోపం. అది చెప్పి, పదిసార్లు చేయిస్తే తేడా కళ్లముందే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో 2000 సంవత్సరంలో బడిపిల్లల కదలికల నైపుణ్యాలను కొలిచారు. ఆరేడేళ్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ పరిశీలించారు. చిన్నప్పుడు విసరడం, పట్టడం, తన్నడం బాగా వచ్చినవాళ్లే కౌమారంలోనూ ఎక్కువ చురుగ్గా ఉన్నట్టు లీసా బార్నెట్ బృందం 2009లో ప్రకటించింది. చదవడం రాని పిల్లవాడికి పుస్తకం మీద ప్రేమ ఎలా కలగదో, ఒంటి నుడికారం తెలియని పిల్లవాడికి కదలిక మీద ఇష్టం అలాగే కలగదు. అలాంటివాళ్లను నలభయ్యో ఏట డాక్టరు రోజూ నడవమంటే, నాలుగు రోజులు నడిచి మానేస్తారు.

డాక్టరు చెప్పే రోజు కూడా మనకు త్వరగానే వస్తోంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని ‘ఇండియాబ్’ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2016-18 మధ్య జరిపించిన సమగ్ర పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి పదిమందిలో ఒకరు మధుమేహపు గడప దగ్గర ఉన్నట్టు తేలింది. అయిదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 146 దేశాల నుంచి సేకరించిన 2016 నాటి లెక్కల ప్రకారం 11-17 ఏళ్లవారిలో నూటికి 81 మంది ఆ మాత్రం కదలడం లేదు. మన దేశంలో ఆ సంఖ్య 74 దాకా ఉంది. ప్రపంచం కంటే మెరుగే కదా అని సంతోషించడానికి లేదు. నలుగురిలో ముగ్గురు అనేది ఏ లెక్కన చూసినా పెద్ద సంఖ్యే. ఇక ఎముకల విషయం మరీ విలువైనది. పెద్దయ్యాక మనిషి ఒంట్లో ఉండే ఎముక ఖనిజంలో నాలుగో వంతు కౌమారంలోని సుమారు రెండేళ్లలోనే సమకూరుతుంది. ఆ వయసులో గెంతిన ప్రతి గెంతూ ఎముకలో దాచుకున్న సొమ్మే. టెన్నిస్ క్రీడాకారిణుల చేతులను పరిశీలించిన ఫిన్లాండ్ వైద్యులకు, రజస్వల కాకముందే ఆట మొదలుపెట్టినవారిలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికంటే ఎంతో దిట్టంగా కనిపించింది. ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో ఆ తేడా సగం కూడా లేదు. మన తొక్కుడుబిళ్లలో ఆడపిల్ల ఒంటికాలి మీద గడి నుంచి గడికి దూకేటప్పుడు ఆ కాలి ఎముక మీద ఒంటి బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. ఎముకకు బలం ఇచ్చేది అదే. కళ్ల గురించి కూడా ఒక మాట. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరు బడుల పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట తరగతి పెట్టారు. మూడేళ్లలో అక్కడ హ్రస్వదృష్టి కొత్తగా వచ్చినవారు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. ఆరో తరగతికే కళ్లద్దాలు వస్తున్న మన పట్టణాల తల్లిదండ్రులు ఈ అంకెను ఫ్రిజ్ మీద అతికించుకోవాలి.

‘ఇవన్నీ బాగానే ఉన్నాయండీ, చదువు అటకెక్కితే?’ అనేది అసలైన అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఈఏపీసెట్ ర్యాంకు మీద ఒక కుటుంబం భవిష్యత్తు ఆధారపడినప్పుడు, వారానికి రెండు పీరియడ్లు లెక్కలకు ఇచ్చేయమని తల్లిదండ్రులు అడగడంలో దురాశ ఏమీ లేదు, భయం ఉంది. ఆ భయానికి ఆధారం ఉందా అన్నదే చూడాలి. కెనడాలోని త్రోవా రివియేర్‌లో 1970లలో 546 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది. వారానికి అయిదు గంటలు అదనంగా వ్యాయామ విద్య ఇచ్చారు. ఆ మేరకు చదువుల సమయం 13 నుంచి 14 శాతం తగ్గించారు. మార్కులు పడిపోలేదు, తోటి పిల్లల కంటే కొంత మెరుగయ్యాయి కూడా. 2010లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 50 అధ్యయనాలను గుదిగుచ్చి చూసింది. వ్యాయామానికీ చదువుకూ మధ్య కొలిచిన 251 సంబంధాల్లో సగం మేలువైపు మొగ్గాయి, దాదాపు మిగతా సగంలో ఏ తేడా లేదు, చెడు జరిగిన సందర్భాలు 1.5 శాతం మాత్రమే. అంటే ఆ పీరియడును లెక్కలకు ఇచ్చేస్తే లెక్కలు బాగుపడతాయనే నమ్మకానికి రుజువు లేదు.

ఇంతవరకూ వచ్చాక చాలామంది వ్యాయామ విద్య అభిమానులు ఒకడుగు ముందుకేసి, ఆటలాడితే మార్కులు పెరుగుతాయని ప్రచారం చేస్తారు. నాకు అది నచ్చదు. నార్వేలో 57 బడుల్లో వెయ్యిమందికి పైగా పిల్లలతో జరిగిన పెద్ద ప్రయోగంలో, రోజువారీ కదలిక పెంచినా మొత్తం తరగతి మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అయితే లెక్కల్లో బాగా వెనకబడిన మూడో వంతు పిల్లలు మాత్రం ముందుకొచ్చారు. ఈ రెండో విషయం నా వాదనకు బలమే. కానీ వ్యాయామ విద్యను మార్కుల పేరుతో అమ్ముకుంటే, రేపు మార్కులు పెరగలేదని తేలిన రోజున దాన్ని తీసేయడానికి మనమే సాకు ఇచ్చినట్టవుతుంది. తెలుగు చదివితే లెక్కలు బాగా వస్తాయని ఎవరూ తెలుగును సమర్థించరు. తన శరీరాన్ని తాను ఎరిగి, దాన్ని ఏలుకోగలగడం పిల్లవాడికి దానికదే అవసరమైన చదువు. 1978లోనే యునెస్కో వ్యాయామ విద్యను ప్రతి మనిషి ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. మన 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలు, సహపాఠ్యాంశాలు అనే గోడే ఉండకూడదంది. సీబీఎస్‌ఈ 2018లో 9 నుంచి 12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను తప్పనిసరి చేసింది. కాగితం మీద కొదవ లేదు.

పల్లె పిల్లలకు ఇదంతా ఎందుకని ఇంకో ప్రశ్న. బడికి నడిచి వస్తారు, ఇంటికెళ్లి బిందెలు మోస్తారు, సెలవుల్లో మిరప కోతకు వెళ్తారు, వాళ్లకు వేరే వ్యాయామం దేనికని. ఇది సగం నిజం. ఆ పిల్లల ఒళ్లు కష్టమెరిగినదే. కానీ చాకిరీ ఒంటిని ఒకే వైపు వంచుతుంది, అరగదీస్తుంది. పాఠం దాన్ని అన్ని వైపులకూ తిప్పుతుంది. పైగా ఇప్పుడు పల్లె పిల్లలకూ గుమ్మం ముందుకే బడి బస్సు వస్తోంది, ఇంటికెళ్లగానే చేతిలోకి ఫోను వస్తోంది. ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, బిళ్లంగోడు ఆడే అరుగులూ చెట్లూ సందులూ చాలా ఊళ్లలో మాయమయ్యాయి. ఒకప్పుడు వీధి నేర్పిన పాఠాన్ని ఇప్పుడు బడి తప్ప నేర్పేవాళ్లు లేరు. ఈ ప్రశ్నలో అసలు బరువైన భాగం పోషణ. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15-19 ఏళ్ల అమ్మాయిల్లో ప్రతి పదిమందిలో ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. అలాంటి పిల్లను ఎండలో మూడు రౌండ్లు ఉరికిస్తే కళ్లు తిరిగి పడిపోతుంది. అందుకే ఈ చదువుకు తెలిసిన గురువు కావాలంటున్నాను. ఎవరు ఆయాసపడుతున్నారో, ఎవరి పెదవులు పాలిపోయాయో లెక్కల టీచరుకు కనిపించకపోవచ్చు. గ్రౌండులో వ్యాయామ ఉపాధ్యాయుడికి (పీఈటీకి) కనిపిస్తుంది. ఐరన్ మాత్ర వేసుకోని పిల్లను, మధ్యాహ్న భోజనం వదిలేసిన పిల్లవాణ్ని ముందు పట్టుకోగలిగేది ఆయనే.

ఆడపిల్లల దగ్గర కాసేపు ఆగాలి. ఆ 146 దేశాల లెక్కలోనే అబ్బాయిల్లో చాలినంత కదలనివారు 77.6 శాతం ఉంటే అమ్మాయిల్లో 84.7 శాతం. మన దగ్గర ఆరో తరగతి దాకా ఖోఖోలో మెరుపులా తిరిగిన పిల్ల ఎనిమిదికొచ్చేసరికి చెట్టు కిందికి చేరుతుంది. ‘పెద్దపిల్లవయ్యావు, ఆ గెంతులేంటే’ అని ఇంట్లో నాయనమ్మ అంటుంది. బడిలో జారిపోయే చున్నీ ఉంటుంది, గేటు దగ్గర నిలబడి చూసే మగపిల్లలు ఉంటారు, నెలసరి రోజుల్లో నీళ్లు రాని మరుగుదొడ్డి ఉంటుంది. అమ్మాయిలకు ఆటల మీద ఆసక్తి తక్కువ అని తేల్చేముందు ఈ మూడింటినీ సరిచేసి చూడాలి. ఆ పీరియడు రోజున ట్రాక్ ప్యాంటు వేసుకురానివ్వడం, మగపిల్లల చూపులు పడని వేళలో గ్రౌండు వాళ్లకివ్వడం, వీలైనచోట మహిళా పీఈటీని వేయడం పెద్ద ఖర్చులు కావు. ఎముక కూడబెట్టుకునే ఆ రెండేళ్లూ సరిగ్గా ఆమెను కూర్చోబెట్టే ఏళ్లే కావడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పిల్లల్ని కదలికకు దూరం చేసే పని మన బడులు తెలియకుండానే చేస్తున్నాయి. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. హోంవర్కు చేయకపోతే గుంజీలు. అల్లరి చేస్తే గోడకుర్చీ. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించినా, వీటిని చాలామంది దండనగా లెక్కేయరు. ‘ఒంటికి మంచిదేగా’ అంటారు. పరుగును శిక్షగా నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఇష్టంతో పరుగెత్తుతాడా? పద్యాన్ని శిక్షగా వందసార్లు రాయిస్తే పద్యం మీద ప్రేమ పుడుతుందా? దీనికి మరో వైపు, తరగతి మొత్తానికి శిక్షగా ఆటల పీరియడు రద్దు చేయడం. రెండూ ఒకే మాట చెబుతున్నాయి: కదలిక చదువులో భాగం కాదు, ఇస్తే బహుమానం, లేదంటే దండన.

పతకాల మాట. పీవీ సింధునో కరణం మల్లీశ్వరినో చూపించి, గ్రౌండులో మొలకలను ఏరి పెంచాలి గానీ అందరి మీదా సమయం వెచ్చిస్తే ఎలా అనేవారున్నారు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. మేధోపరమైన వైకల్యమున్న క్రీడాకారుల విభాగం అది. చిన్నప్పుడు ఊరు ఎగతాళి చేసిన ఆ పిల్ల పరుగును మొదట గుర్తించింది ఊరి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన పన్నెండుమంది మొనగాళ్లను మాత్రమే చూసి ఊరుకుంటే ఆమె ఎవరికీ కనిపించేది కాదు. అందరినీ పరుగెత్తించినచోటే దాగున్నవాళ్లు బయటపడతారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా హైదరాబాద్ బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చాదర్‌ఘాట్ హైస్కూల్లాంటి చోట్ల ఆటలు నేర్పినవారు. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ లేకుండా బంతి అందించుకునే పోటీలు పెట్టేవారు. వాటం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టేవారు. నిబంధన కాస్త మార్చి, బలహీనమైన కాలికీ పని కల్పించడమంటే పాఠం చెప్పడమే. మన వాలీబాల్ పీరియడ్లలో కరువైంది అదే.

గ్రౌండు లేదు, సార్లు లేరు అన్నది చివరి అభ్యంతరం, నిజమైనది కూడా. ఆటస్థలం లేని బడి ఉండకూడదని 2023లో హరియాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనూ ఆటస్థలం ఉంది. అయినా అపార్ట్‌మెంటులో మూడంతస్తులు అద్దెకు తీసుకుని నడిచే బడులు మనకు తెలియనివి కావు. ఆ చట్టమే వ్యాయామ విద్యకు బోధకుణ్ని అడిగింది 6 నుంచి 8 తరగతుల్లో, అదీ వందమందికి పైగా పిల్లలుంటే, పార్ట్‌టైమ్‌గా. ఒకటి నుంచి అయిదు దాకా ఆ మాటే లేదు. విసరడం, పట్టడం, ఒంటికాలి మీద నిలవడం నేర్వాల్సిన సరైన వయసు అదే. ఈ ఖాళీని పూడ్చకుండా హైస్కూల్లో ఎన్ని పోస్టులు వేసినా సగం ఫలితమే. అప్పటిదాకా ప్రాథమిక బడి టీచరుకు పది రోజుల మంచి శిక్షణ, ఇరవై పాత టెన్నిస్ బంతులు, గీతలకు సున్నం, రెండు తాళ్లు ఇవ్వొచ్చు. నలభైమందిని అయిదు గుంపులు చేసి, ఒక మూల తొక్కుడుబిళ్ల, ఒక మూల గోడకు బంతి, ఒక మూల తాడు, ఇలా అయిదు చోట్ల అయిదు పనులు పెట్టి, ఏడు నిమిషాలకోసారి మారిస్తే ఎవరూ ఖాళీగా కూర్చోరు. ఎండలు ముదిరే ఒంటిపూట బడుల కాలంలో ఇదంతా పొద్దున మొదటి పీరియడులోనే అయిపోవాలి.

పిల్లలు ఎదిగారో లేదో తెలుసుకోవడానికి ట్రోఫీలు పనికిరావు. జూన్‌లో బడి తెరిచాక పీఈటీ ఒక నోటుబుక్కు తీసి, ప్రతి పిల్లవాడికీ నాలుగు విషయాలు రాసుకుంటే చాలు: ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడగలడా, అయిదు గజాల నుంచి వేసిన బంతి పట్టగలడా, సరిగా విసరగలడా, గేటు దాకా ఆగకుండా పరుగెత్తి రాగలడా. మార్చిలో అదే పేజీలో రెండో గడి నింపాలి. మొదటి వరసలో ఉండాల్సినవి చెట్టు కింది పాతికమంది పేర్లు. కప్పుల బీరువా హెడ్మాస్టరు గదిలోనే ఉంటుంది, వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది. ఈ నోటుబుక్కు ఎవరైనా అడిగితేనే బయటికొస్తుంది. తల్లిదండ్రుల సమావేశంలో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు దాన్ని అడగొచ్చు.